మోటారు నాడి

కర్నూలు, కడప జిల్లాల మెట్టపొలాల్లో సేద్యమంటే సగం బోరుమోటారే. పులివెందుల వైపు చీనీతోట పెట్టిన రైతుకు నడివేసవిలో నీళ్లు ఆగిపోతే, ఎందుకు ఆగాయన్నది ముందుగా తేలాలి. వందల అడుగుల లోతునుంచి గొట్టాలతో సహా మోటారును పైకి లాగాక, లోపం దానిలో లేదనీ, స్టార్టరు డబ్బాలోనో అడుగంటిన బోరులోనో ఉందనీ తెలిస్తే, ఆ ఖర్చూ, ఆ రోజులూ తిరిగిరావు.

ఇలాంటి లోపాలను కంప్యూటరుచేత చెప్పించే పద్ధతులను గురించి కొంతకాలంగా చదువుతున్నాను. మోటారు తీసుకునే కరెంటునుంచో, దాని కంపనాలనుంచో పదులకొద్దీ లక్షణాలను లెక్కగట్టి యంత్రానికి అప్పగిస్తారు. అయితే వాటిలో కొన్ని ఒకే సంగతికి వేర్వేరు పేర్లు. సగటు సున్న అయిన సంకేతానికి ఆర్ఎంఎస్ విలువా, ప్రామాణిక విచలనమూ ఒకటే. ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినంత మాత్రాన సాక్ష్యం బలపడదు కదా!

మరికొన్ని మన బోర్లకు పొసగవు. పరిశోధకులు విరివిగా వాడే అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయపు దత్తాంశం బాల్ బేరింగులది. బోరులోకి దించే, లోపల నీళ్లు నింపిన మోటార్లలో సాధారణంగా ఉండేవి బుష్‌లు. లేని గుండ్ల చప్పుడును అక్కడ వెదకడం వృథా.

మరి ఏరుకోవలసినవేవి? గట్టుమీది డబ్బాలోనే కొలవగలిగినవి. మూడు ఫేజుల కరెంట్లలో తేడా వస్తే సరఫరానో, వైండింగునో అనుమానించాలి. కరెంటు మామూలుకన్నా బాగా తగ్గితే పంపుకు నీరందడం లేదేమో చూడాలి. పెరిగితే ఇసుక పట్టేసిందేమో చూడాలి. రోటారు కడ్డీ విరిగితే దొరికే ఆనవాలు ఇంకా ముచ్చటైనది. నిమిషానికి 3000 చుట్లకు బదులు 2880 తిరిగే మోటారులో జారుడు 4 శాతం. అప్పుడు 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూ, 46, 54ల దగ్గర చిన్న శిఖరాలు లేస్తాయి. ఈ నాలుగింటిలో ప్రతిదాని వెనుకా ఒక కారణం, ముందు ఒక పనీ ఉన్నాయి.

అందుకే, వంద లక్షణాలు మింగి "లోపముంది" అని మాత్రమే పలికే యంత్రంకన్నా, "ఫేజుల్లో తేడా ఉంది, మోటారు తీయకముందు సరఫరా చూపించు" అనే యంత్రమే మేలంటాను. లెక్కలో అది ఒక పాలు వెనకబడినా సరే. మొదటిది పొరబడితే ఎక్కడ పొరబడిందో తెలియదు. రెండోదాన్ని క్లాంపు మీటరు చేతబట్టిన మెకానిక్కు అక్కడికక్కడే కాదనగలడు. అలా కాదనడానికి వీలున్న మాటమీదనే రైతు ధైర్యంగా మోటారు పైకి తీయించగలడు.