గండి పడితే

లెవీ అంటే మా గోదావరి జిల్లాల్లో ఒకటే అర్థం ఉండేది. రైసుమిల్లు వాళ్ళు ఎఫ్.సి.ఐ.కి పోసే బియ్యం. 2015లో ఆ పద్ధతి తీసేశారు గానీ, అప్పటిదాకా మా ఊళ్ళో అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషుల కబుర్లలో రోజూ దొర్లే మాట అది. అందుకే 1997లో కాకినాడ ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ "వెన్ ద లెవీ బ్రేక్స్" అని రాసున్న కేసెట్ తెచ్చినప్పుడు మా తణుకువాడొకడు "ఒరేయ్, మిల్లర్ల మీద కూడా పాట కట్టారేంట్రా" అన్నాడు. రూమంతా పడీ పడీ నవ్వాం.

ఆ లెవీ వేరు, ఈ లెవీ వేరు. స్పెల్లింగే వేరు. ఈ పాటలో లెవీ అంటే ఏటిగట్టు. అది బ్రేక్ అవడం అంటే గండి పడటం. నేను పుట్టింది జొన్నాడ పక్కన, గౌతమి గట్టు కింద. గట్టు కింద పుట్టినవాడికి ఈ పాట గురించి ప్రత్యేకంగా ఎవరూ చెప్పక్కర్లేదనుకోండి.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఈ.ఎమ్.ఐ.లు. మధ్యలో పాతికేళ్ళు ఎటు పోయాయో తెలీదు. 2022లో ఆన్‌సైట్ పేరుతో ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్ళో పడ్డాను. వారాంతాల్లో పనేమీ లేక అక్కడి ఛారిటీ షాపుల చుట్టూ తిరిగేవాణ్ణి. ప్రతి కొట్లోనూ ఒక మూల అట్టపెట్టె, దాన్నిండా ఎల్.పి.లు. ముసలాళ్ళు పోయాక పిల్లలు తెచ్చి పడేసిన సరుకు. జాన్ మేయాల్, క్రీమ్, పీటర్ గ్రీన్ ఉన్న రోజుల నాటి ఫ్లీట్‌వుడ్ మాక్, ఫ్రీ, టెన్ ఇయర్స్ ఆఫ్టర్. కాలేజీలో కాపీకి కాపీ, దాని కాపీ విని, బేసు గిటారు ఎక్కడుందో చెవులు రిక్కించి వెతుక్కున్న పాటలన్నీ అసలు రూపంలో కనబడ్డాయి. ఒక సెకండ్ హ్యాండ్ టర్న్‌టేబుల్ కొన్నాను. మా ఆవిడ వీడియోకాల్లో చూసి "దాన్ని కూడా మోసుకొస్తారా ఇక్కడికి?" అంది. మోసుకొచ్చాను.

ఈ బ్రిటిష్ బ్యాండ్ల గొప్పతనమేంటో వయసులో ఉన్నప్పుడు నాకు గిటారు స్పీడులో కనబడేది. ఇప్పుడు వేరేచోట కనబడుతోంది. వీళ్ళంతా రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనో దానికి కాస్త అటూ ఇటూగానో పుట్టిన కుర్రాళ్ళు. అమెరికాలో మిసిసిపీ డెల్టాలో పత్తిచేలల్లో పనిచేసే నల్లవాళ్ళు 1920, 30లలో పాడిన పాటల్ని, సముద్రం దాటొచ్చిన నాలుగైదు రికార్డుల్లో విని పిచ్చెక్కిపోయారు. మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వేస్టేషన్లో మాట కలిపింది జాగర్ చంకలో ఉన్న రికార్డులు చూసే. రోలింగ్ స్టోన్స్ అన్న పేరు కూడా మడ్డీ వాటర్స్ పాటదే. అమెరికాలో తెల్ల పిల్లలు చాలామంది ఈ పాటల్ని ఇంగ్లండు చుట్టూ తిరిగొచ్చాకే విన్నారు. పక్కపేటలో ఉన్న పాట, పదివేల కిలోమీటర్లు తిరిగి ఇంటికి రావడమన్నమాట.

ఇక మన పాట సంగతి. 1927 ఏప్రిల్ 21న మిసిసిపీ నది గ్రీన్‌విల్ ఊరికి ఎగువన మౌండ్స్ లాండింగ్ దగ్గర గట్టు తెంపుకుంది. ఆ ఏడాది వరదల్లో నది పొడుగునా ఆరు లక్షల పైచిలుకు మంది ఇళ్ళు వదిలేశారు. గట్టు నిలబెట్టడానికి ఇసుక బస్తాలు మోసింది నల్ల కూలీలు, అదీ తుపాకుల పహరాలో. గండి పడ్డాక వేలమందిని అదే గట్టుమీద క్యాంపుల్లో వారాల తరబడి కదలనివ్వకుండా ఉంచి పనిచేయించారు. రెండేళ్ళ తర్వాత, 1929లో, మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెకాయ్ అనే భార్యాభర్తలు ఆ గట్టు మీద పాట రికార్డు చేశారు. గొంతు జోది. గిటార్లు ఇద్దరివీ. వింటే ఆశ్చర్యమేస్తుంది, హుషారుగానే ఉంటుంది. ఏడుపు ఎక్కడా వినబడదు.

1971లో లెడ్ జెప్లిన్ తమ నాలుగో ఆల్బంలో అదే పాట చేశారు. అది ఏడు నిమిషాలు, మొత్తం నీళ్ళ బరువే. ఆ డ్రమ్ముల కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో, కింద హాల్లో జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టి, పై మెట్లమీద నుంచి రెండు మైకులు వేలాడదీశాడు ఇంజనీరు ఆండీ జాన్స్. అంతే. ఆ శబ్దంలో ఆ మెట్లదారి ప్రతిధ్వని ఉంది. తర్వాత టేపు స్పీడు కాస్త తగ్గించారు, దాంతో ఇంకా బరువెక్కింది. అన్నట్టు, ఆ ఇల్లు 1795లో బీదవాళ్ళని ఉంచడానికి కట్టిన సత్రంలాంటిది.

ఆ డ్రమ్ము విన్నప్పుడల్లా నాకు 1986 ఆగస్టే. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. ఆ ఏడాది వచ్చింది 35 లక్షల పైన. నాకు ఏడేళ్ళు. మా దగ్గర గట్టు ఆగింది. డెల్టాలో చాలాచోట్ల ఆగలేదు. రాత్రంతా పెట్రోమాక్సు లైట్లు గట్టుమీద అటూ ఇటూ కదలడం మా డాబా మీంచి చూశాను. నీళ్ళ చప్పుడు హోరులా ఉండదు, అది సినిమాల్లో. గట్టుని లోపల్నుంచి ఎవరో భుజంతో తోస్తున్నట్టు ఉండుండి ఒక దబ్బు. బోనమ్ కాలికింద డ్రమ్ము అచ్చం అదే. వాళ్ళు గోదావరి చూశారా ఏమన్నానా!

టర్న్‌టేబుల్ ఇంటికొచ్చిందని తెలిసి మా అమ్మ అటకమీది రేకుపెట్టె దింపించింది. మా తాతయ్య గ్రామఫోను ప్లేట్లు. తాతయ్యకి హరిశ్చంద్ర నాటకం ప్రాణం. పదకొండు ప్లేట్లలో మూడింటికి లేబుళ్ళు చెమ్మకి ఊడిపోయాయి. వీటిని ఎల్.పి. సూదితో వాయించకూడదు సుమా. 78 ఆర్.పి.ఎం. ప్లేటు గాడి ఎల్.పి. గాడికి సుమారు మూడు రెట్లు వెడల్పు. సన్నసూది అడుక్కి జారిపోయి బరబరా గీరుకుంటుంది. దానికి వేరే సూది తెప్పించాలి. ప్లేటు చేసింది లక్కతో. ఆ రోజుల్లో ప్రపంచం మొత్తానికి లక్క ఎక్కువగా వెళ్ళింది మన దేశం నుంచే. అంటే మిన్నీ ప్లేటులోనూ, మా తాతయ్య ప్లేటులోనూ ఒకే చెట్ల లక్క ఉన్నా ఉండొచ్చు.

ప్లేటుకి ఒకపక్క మూడు, మూడున్నర నిమిషాలు. స్టేజిమీద ఒక పద్యానికి రాగం తీసి తీసి, వన్స్‌మోర్లు కొట్టించుకుని పావుగంట నిలబెట్టే నటుడు, మైకు ముందు రాగాన్ని కత్తిరించుకుని పద్యం పూర్తిచేయాలి. బ్లూస్ వాళ్ళ కష్టమూ అదే. రాత్రంతా సాగే పాటని మూడు నిమిషాలకి కోసి ఇచ్చారు. ఎల్.పి.లు వచ్చాక క్రీమ్ వాళ్ళు "స్పూన్‌ఫుల్" పాటని స్టేజిమీద పదహారు నిమిషాలు వాయించి దాన్ని మళ్ళీ సాగదీశారు. అతి చేశారని తిట్టేవాళ్ళున్నారు. నాకైతే కత్తిరించిన రాగాన్ని తిరిగి అతికించినట్టుంటుంది.

సాగదీసినవాళ్ళు పేర్లు మాత్రం సరిగ్గా రాయలేదు. మన భాషలో చెప్పాలంటే రిపాజిటరీ ఫోర్క్ చేసుకుని, కమిట్ హిస్టరీ చెరిపేసి, ఆథర్ పేరు మార్చేశారు. "హోల్ లాటా లవ్" 1969లో వచ్చింది. అందులో మాటలు విల్లీ డిక్సన్ పాటవని 1985లో కేసు పడి, 1987లో కోర్టు బయట రాజీ అయింది. "లెమన్ సాంగ్" హౌలింగ్ వుల్ఫ్‌ది, అదీ రాజీయే. గట్టు పాట దగ్గర మాత్రం లేబుల్ మీద మెంఫిస్ మిన్నీ పేరుంది. పాట పాడిన జో పేరు లేదు, ఆయన 1950లోనే పోయాడు. మిన్నీ అప్పటికి పక్షవాతంతో మెంఫిస్‌లో ఉంది, 1973లో పోయింది.

ఇది చదివి "తెల్లవాళ్ళు కదా, దోచుకోవడం అలవాటే" అనేవాళ్ళకి మా తాతయ్య ప్లేటు వినిపిస్తాను. హరిశ్చంద్ర కాటిసీను. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ జనం వన్స్‌మోర్ కొట్టిన కాటిసీను పద్యాల్లో కొన్ని గుర్రం జాషువా గారివి, "శ్మశానవాటి" ఖండికలోవి. నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. ఊరూరా పాడారు. అవి బలిజేపల్లి వారివే అనుకున్న ప్రేక్షకులకి లెక్కలేదు. మా తాతయ్య ఆ పద్యాలు కంటతడితో పాడేవాడు. ఆ పద్యం రాసినాయన మా ఇంటికొస్తే మా తాతయ్య ఎక్కడ కూర్చోబెట్టేవాడో నాకు తెలుసు, చెప్పడం ఇష్టం లేదు. జాషువా గారు 1915-16 ప్రాంతంలో మా రాజమండ్రిలోనే మూకీ సినిమాలకి తెరపక్కన నిలబడి కథ చదివే ఉద్యోగం చేశారు. పోయింది 1971లో, జెప్లిన్ రికార్డు వచ్చిన ఏడే.

ఇంకో తేడా కూడా చెప్పాలి. అమెరికాలో కంపెనీలు నల్లవాళ్ళ పాటలు రికార్డు చేసింది ప్రేమతో కాదు, నల్లవాళ్ళే కొనుక్కుంటారని. అందుకే గట్టుమీద బస్తాలు మోసినవాళ్ళ పాట లక్కలోకెక్కింది. మా డెల్టాలో గ్రామఫోను కొనగలిగింది మండువా లోగిళ్ళవాళ్ళు, వాళ్ళకి కావలసింది పద్యం. గట్టుమీద పాటలకి కొనేవాళ్ళేరీ?

పాటలైతే ఉన్నాయి. 1986లో మా డాబామీదికి పెట్రోమాక్సుల వెలుగుతో పాటు ఒక గొంతు కూడా వినబడింది. గట్టు కాపలా జనం నిద్రపోకుండా ఒకాయన పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఆయన మా చేలో పనిచేసినాయనే. ఇప్పుడు ఎనభై దాటాయి. పోయిన సంక్రాంతికి ఫోన్లో రికార్డర్ పెట్టుకుని పేటలో వాళ్ళింటికి వెళ్ళాను.

"అయ్యేం పాటలండీ బాబూ, నిద్దరాపుకోడానికి అరిసిన అరుపులు" అన్నాడు.

"పర్లేదు తాతా, గుర్తున్నంత పాడు."

"ఆయ్, ఇప్పుడెందుకండీ? మీ తాతగారి పద్యాల ప్లేట్లున్నాయిగా."

ఆ మాట ఏ అర్థంలో అన్నాడో నాకు బాగానే అర్థమైంది. నేను తలొంచుకుని కూర్చున్నాను. ఆయన మనవడు, కోరమండల్ ఎరువుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్ళే కుర్రాడు, "పాడు తాతా, నేను కూడా ఇనలేదు" అన్నాక గొంతు సవరించుకున్నాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు పాడాడు. మధ్యలో దగ్గు ఉంది, కోడి అరుపు ఉంది, వాళ్ళ కోడలు గిన్నె కిందపెట్టిన చప్పుడు ఉంది. దబ్బుమనే చోట అరచేత్తో మంచంకోడు మీద కొట్టాడు.

ఫైలుకి పేరు పెట్టమని ఫోన్ అడిగితే ఆయన్నే అడిగాను, పాటకి ఏం పేరు పెట్టమంటావని. "పేరెందుకండీ దానికి" అని, కాసేపాగి, తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, "అది రాసుకోండి" అన్నాడు.