పొగ రుచి

కాల్చిన వంకాయతో చేసిన పెరుగుపచ్చడి నెఱుగని తెలుగువారు అరుదు. దానియందు మూడు గుణములు కలిసియుండును: పెరుగు వలని కమ్మదనము, మిరపకాయ వలని కారము, నిప్పుల వలని పొగవాసన. మొదటి రెంటిని గూర్చి మనము తఱచుగా మాటలాడుకొందుము. పెరుగు పులిసినదందుము, మిరపకాయ కన్నీరు పెట్టించినదందుము. మూడవదానిని గూర్చి యెవ్వరును మాటలాడరు. షడ్రుచులలో దానికి చోటు లేదు. పాలకు పొగ పట్టినచో ముఖము చిట్లించుకొని గిన్నెను ప్రక్కకు నెట్టుదుము; వంకాయకు అదే పొగ పట్టినచో లొట్టలు వేయుదుము.

పొగకు గల ఈ వింత ప్రతిష్ఠను గూర్చి నేను ఆలోచించుటకు మా యమ్మ కారణము. ఆమె 1957వ సంవత్సరమున కాపురమునకు వచ్చినది మొదలు, 1989లో మా యింటికి గ్యాసుపొయ్యి వచ్చువఱకు, 32 ఏండ్లు కట్టెలపొయ్యి మీదనే వండెను. మాది కృష్ణానదికి పడమటి డెల్టాలో నొక చిన్న గ్రామము. వంటయిల్లనగా పెంకుటింటి వెనుక నున్న పూరిపాక. దానికి తలుపు ఒక్కటే, కిటికీ లేదు. వానకాలమున కట్టెలు తడిసి, మంట కంటె పొగయే హెచ్చుగా నుండెడిది. ఊదుగొట్టము పట్టుకొని ఆమె పొయ్యి ముందు కూర్చుండగా పాక చూరునుండి పొగ మెల్లమెల్లగా వెలికి వచ్చెడిది. వీధిలో నాడుకొనుచున్న మేము దానిని చూచియే అన్నము వేళ యైనదని తెలిసికొనెడివారము. వాసములు, ఉట్టిత్రాళ్లు నూనె పూసినట్లు నల్లగా మెఱయుచుండెడివి.

అన్నము వార్చి, మంట తగ్గి, ఎఱ్ఱని నిప్పులు మాత్రము మిగిలిన సమయమున వంకాయకు వంతు వచ్చెడిది. లావుపాటి వంకాయకు నూనె రాచి, పేలకుండుటకై రెండు మూడు చోట్ల కత్తిమొనతో పొడిచి, నిప్పులలో పెట్టి, తొడిమ పట్టుకొని నడుమ నడుమ త్రిప్పెడిది. పై తోలు పూర్తిగా మాడి, లోని గుజ్జు తొడిమనుండి జాఱువఱకు తీసెడిది కాదు. పచ్చిమిరపకాయలను గూడ ఆ నిప్పుల మీదనే పొరలించెడిది. తరువాత తోలు ఒలిచి, గుజ్జును చేతితో మెదిపి, మిరపకాయలను ఉప్పుతో రోట నూఱి, ఉట్టి మీది గడ్డపెరుగులో కలిపెడిది. ఆవాలు, మినపపప్పు, ఇంగువ వేసిన పోపును చల్లార్చిన పిమ్మటనే అందులో పోసెడిది. వేడిపోపు తగిలినచో పెరుగు విఱిగి నీరు విడుచునని చెప్పెడిది. పచ్చి దోసకాయముక్కలను, ఉల్లిముక్కలను ఆ పచ్చడిలో ముంచుకొని, అన్నము వడ్డింపకమునుపే మేము సగము గిన్నె ఖాళీ చేసెడివారము.

ఆ పొగవాసన ఎచ్చటిదో తరువాత చదివి తెలిసికొంటిని. కట్టెకు గట్టిదనము నిచ్చు పదార్థములలో లిగ్నిన్ అనునది యొకటి. అది నిప్పులో విచ్ఛిన్నమగునప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ మొదలగునవి పుట్టి పొగలో కలియును. మన ముక్కు పొగవాసన యని గుర్తించునది ముఖ్యముగా వీనినే. వంకాయ గుజ్జు, పెరుగులోని మీగడ వీనిని చక్కగా పట్టి యుంచును. కాని పొగలో నుండునవి ఇవి మాత్రమే కావు. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. మిల్లీమీటరులో 400వ వంతు కంటెను చిన్నవైన ధూళికణములు కలవు. అవి ముక్కులోని వెండ్రుకలకు చిక్కక తిన్నగా ఊపిరితిత్తుల లోతులకు పోవును. వంకాయ ఆ పొగలో నున్నది పావుగంట. మా యమ్మ యున్నది 32 ఏండ్లు.

ఆమెకు డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట ఆయాసము మొదలైనది. పరీక్షించిన వైద్యుడు ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు శాశ్వతముగా ఇఱుకైనవని చెప్పి, "అమ్మా, మీకు చుట్ట త్రాగు అలవాటు కలదా?" అని అడిగెను.

"చుట్టను నేనెన్నడును ముట్టలేదు, నాయనా. పొయ్యియే నాచేత త్రాగించినది" అని ఆమె బదులు చెప్పెను.

పొగ లేని పొయ్యి ఆ దినములలో లేకపోలేదు. హైదరాబాదునందలి ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టుకొనదగిన, పొగగొట్టము గల పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి యొక చిన్న గ్రంథమును ప్రకటించిరి. మా యమ్మ అత్తవారింట అడుగు పెట్టుటకు అది 4 ఏండ్లు ముందు. ఆ పొయ్యి మా గ్రామమునకు రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో దీపము పథకము, దేశమున 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి పేదయిండ్లకు గ్యాసు నిచ్చినవి. నేడు బాటప్రక్క భోజనశాలల మీద 'కట్టెలపొయ్యి వంట' యని పెద్ద అక్షరములతో వ్రాసిన బల్లలు చూచుచున్నాము. ఆ పొయ్యి నూదునది ఎవరో ఆ బల్లల మీద వ్రాసియుండదు.

2024లో ఆమె పది దినములు వైద్యశాలలో నుండి యింటికి వచ్చెను. ఏ పదార్థమును నోటికి రుచింపకుండెను. రెండు ముద్దలు తిని కంచము ముందునుండి లేచెడిది. ఏమి తినవలెనని యున్నదని పలుమార్లు అడుగగా, కాల్చిన వంకాయ పెరుగుపచ్చడి యనెను.

చదువరులారా, మా కష్టము నూహింపుడు. మేముండునది మూడవ అంతస్తు. ఇంటిలో అగరువత్తి సైతము వెలిగింపరాదని వైద్యుని ఆజ్ఞ. ఆమె కోరినదో, పొగ. వంకాయను గ్యాసుమంట మీద కాల్చి, కిటికీలన్నియు తెఱచి, తోలు వాసన పోయిన పిమ్మట పచ్చడి చేసి పెట్టితిని. ఆమె ఒక్కమాఱు నాలుకకు రాచుకొని, "ఇది ఉడికిన వంకాయ" అనెను. ఆ మాట న్యాయమే. గ్యాసులో కట్టె లేదు, లిగ్నిన్ లేదు. మాడిన తోలు వాసన కొంత వచ్చును గాని, తుమ్మబొగ్గు మీది పరిమళము దానికి రాదు. హైదరాబాదు వంటలలో ధుంగారు అను పద్ధతి కలదు. కణకణలాడు బొగ్గును చిన్న గిన్నెలో నుంచి, దాని మీద నేతిచుక్క వేసి, పెద్దపాత్రలో దింపి మూత పెట్టుదురు. పొగ యంతయు ఆ పదార్థమునకు పట్టును. అయిదు నిమిషములలో అయిపోవు పని. కాని మూత తీయక తప్పదు గదా! ఆ ఆలోచన మానుకొంటిని.

ఆ మాసముననే మా చెల్లెలి కుమార్తె టెక్సాసునుండి వచ్చెను. అమ్మమ్మ కోరిక విని, తన పెట్టెలోనుండి యొక పొట్లము తీసెను. అందులో ముడుతలు పడి, పొగాకువంటి రంగుగల ఎండుమిరపకాయలు కొన్ని యుండెను. పొట్లము విప్పగనే గదిలో మా పూరిపాక వాసన వచ్చెను. అతిశయోక్తి గాదు; మా యమ్మ మంచము మీదనుండి తల యెత్తి చూచెను.

వానిని చిపోట్లె అందురు. మెక్సికో దేశపు ప్రాచీనభాషయగు నహువాట్‌లులో 'పొగమిరప' యని దీని యర్థమట. ఆ దేశమున హలాపా అను నగరము పేరుగల హలపేన్యో మిరప కలదు. దాని కండ మందము. మన గుంటూరుమిరప కల్లములో ఎండినట్లు అది యెండకు చక్కగా ఎండదు; లోపల తేమ నిలిచి కుళ్లును. అందుచేత అచ్చటివారు పూర్వకాలమునుండియు దానిని చెట్టుననే ఎఱ్ఱగా పండనిచ్చి, కొన్ని దినములు కట్టెల పొగలో నుంచి ఎండబెట్టుదురు. పండు ఎండుసరికి సుమారు పదవవంతు బరువే మిగులును. గుంటూరుకాయతో పోల్చినచో కారము స్వల్పము, వాసన అపారము. మిరప యను మొక్కయే ఆ ఖండమునుండి మనకు వచ్చినదని మీరు చరిత్రపాఠములలో చదివియుందురు. పోర్చుగీసువారు 16వ శతాబ్దమున దానిని మన దేశమునకు తెచ్చిరి. అంతకుముందు మన వంటలకు కారము మిరియములు, పిప్పళ్లు ఇచ్చినవే. కాయ వచ్చినది గాని, దానిని పొగబెట్టు విద్య వెంట రాలేదు. మనకు ఎండ చాలును గనుక దాని అవసరము కలుగలేదు కాబోలు.

టెక్సాసులో ఈ కాయలను నూఱి, గ్రుడ్డుసొనలో నూనెను బొట్టుబొట్టుగా పోసి చిలికిన మయొనీసుతో, మజ్జిగతో కలిపి పచ్చికూరల మీద పోసికొందురట. గ్రుడ్డుసొనలోని లెసిథిన్ నూనెబిందువులను కలిసిపోకుండ విడివిడిగా నిలుపును గనుక ఆ మిశ్రమము మీగడవలె చిక్కగా నుండును. మా యింట గ్రుడ్డు వాడరు. చిక్కదనమునకు మాకు పెరుగున్నది.

అర్ధలీటరు గడ్డపెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి మూడు గంటలు వ్రేలాడదీసితిమి. తేట యంతయు కాఱి, వెన్నవంటి ముద్ద మిగిలెను. రెండు కాయలను తొడిమలు తీసి, గింజలను, వాని నంటియున్న తెల్లని పొరను తొలగించి, వేడినీటిలో ఇరువది నిమిషములు నానవేసితిమి. కారమంతయు గింజలలో నుండునని పలువురు తలంతురు. నిజమునకు అది ఎక్కువగా నుండునది ఆ తెల్లని పొరలోనే. నానిన కాయలను, రెండు వెల్లుల్లిపాయ రేకలను, కొంచెము ఉప్పును, రెండు చెంచాల నానిన నీటిని చేర్చి మెత్తగా నూఱితిమి. ఆ నీటిని పారబోయరాదు. పొగవాసన కొంత అందులోనికి దిగియుండును. ఈ ముద్దను పెరుగులో కలిపి, రెండు చెంచాల నువ్వులనూనెను కొంచెము కొంచెముగా పోయుచు కవ్వముతో చిలికితిమి. చివర అఱచెక్క నిమ్మరసము. రంగు లేత ఇటుకపొడివలె వచ్చెను.

నా మేనకోడలు వెంటనే వడ్డింపబోగా నేను వారించితిని. మిరపలోని కారమునకు మూలమగు కాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరగును. పొగవాసన నిచ్చు పదార్థములును కొవ్వు నాశ్రయించునవే. అవి మీగడలోను నూనెలోను సర్దుకొనుటకు ఒక గంటయైన పట్టును. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు కాప్సైసినును పట్టుకొని మంటను తగ్గించును గనుక, అదే కారము నీళ్లచట్నీలో కంటె పెరుగులో నెమ్మదిగా తోచును. కారము రుచి కాదనియు, వేడిని తెలుపు నాడులనే అది తట్టి లేపుననియు కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునకు 2021లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఆమె యీ సంగతి విని, "ఆ మాట నా నాలుకకు ముందే తెలియును, మామయ్యా" యని నవ్వెను.

ఆ గంటలో కీరదోసకాయలను, ముల్లంగిని, ఉల్లిని చక్రములుగా తఱిగి, కీరదోసకు ఉప్పు రాచి పావుగంట యుంచి నీరు పిండివేసితిమి. ఇది చేయనిచో ఉప్పు తగిలినంతనే దోసకాయ తనలోని నీటిని విడిచి, చిక్కని పెరుగును మజ్జిగ చేయును. నాకు తెలిసి పెరుగుపచ్చళ్లు చెడిపోవుట సగము ఈ కారణముననే.

మా యమ్మ మంచము మీద కూర్చుండి ఒక ముక్కను ముంచుకొని నోట పెట్టుకొనెను. కొంతసేపు కన్నులు మూసికొనెను. "పొగ యున్నది. మన తుమ్మకట్టె కాదు. తియ్యనికట్టె యేదో" అనెను. నా మేనకోడలు ఆశ్చర్యముతో నా వంక చూచెను. ఆమె మఱల ముంచుకొనెను. వైద్యశాలనుండి వచ్చిన తరువాత ఏ పదార్థమునైనను ఆమె రెండవమాఱు తానై అందుకొనుట అదియే మొదలు. నాలుగైదు ముక్కలు తిన్న పిమ్మట, ఆ కాయలను పొగబెట్టుట ఎట్లని అడిగెను.

నా మేనకోడలు తాను చూచిన సంగతి చెప్పెను. మూసిన గదిలో తడికలవంటి ఇనుపపలకల మీద కాయలు పఱతురు. నిప్పులగుంట ఒక ప్రక్క నుండును. పొగ గదిలోనికి పోవును. కొన్ని గంటల కొకమాఱు కాయలను కలియబెట్టవలెను.

"కలియబెట్టువారు ఆ గదిలోనికి పోవలెను గదా?"

"పోవలెను, అమ్మమ్మా."

"దగ్గు రాదా వారికి?"

నా మేనకోడలు నన్ను చూచెను. నేను గిన్నెను చూచితిని. మా యమ్మ ఉల్లిచక్రము నొకదానిని తీసికొని, పెరుగులో ముంచి, తినక చేతిలోనే పట్టుకొనెను. "తలుపులు తెఱచి, పొగ వెడలిన తరువాత పోవలెనని వారికి చెప్పవలెను. ఊరకే గడప దగ్గఱ నిలుచున్నను చాలదు. ఒక ప్రక్క తెఱచినచో పొగ పోదు. రెండు ప్రక్కల తెఱవవలెను. మన పాకకు ఇంకొక కిటికీ పెట్టింపుమని మీ తాతగారికి ఎన్నియో మాఱులు చెప్పితిని" అని, ఆ ముక్కను నోటిలో వేసికొని, గిన్నెలో ఇంకను ఎంత యున్నదో వంగి చూచెను.