అంటు కట్టిన ఇంజను

మా కారు వయస్సు ముప్ఫయి దాటింది. మావాడికి ఇరవై దాటాయి. ఈ ఇద్దరి మధ్యా పడి నా డబ్బెలా నలిగిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

అది 1994లో తయారైన ఇంటెగ్రా. హోండా వారు అమెరికాలో ఆక్యురా అనే పేరుతో అమ్మిన బండి. 2001లో, డాలస్ వచ్చిన కొత్తలో, ఒకరు వాడి వదిలేసిన దాన్ని కొన్నాను. మావాణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. వాడు స్టీరింగు పట్టడం నేర్చిందీ అందులోనే. 2024 వేసవి నాటికి పాపం దాని పని అయిపోయింది. వంతెన ఎక్కితే ఆయాసం. పెట్రోలుతో సమానంగా ఆయిలు తాగడం. పాత ఇనుము కొనేవాడు ఆరువందల డాలర్లిస్తానన్నాడు. నేను సరే అనబోతూండగా, కాలేజీలో మెకానికల్ చదువుతున్న మావాడు అడ్డు తగిలాడు.

"అమ్మొద్దు నాన్నా! దీనికి హైబ్రిడ్ ఇంజను కట్టి టర్బో పెడతాను."

హైబ్రిడ్ అంటే బ్యాటరీతో నడిచేది కాబోలనుకున్నాను. అది కాదుట. ఒక ఇంజను మొండేనికి మరో ఇంజను తల తెచ్చి అతికించడంట.

"వినాయకుడన్నమాట!" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

నాకు మాత్రం మా నాన్నగారు గుర్తొచ్చారు. నూజివీడు దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉండేది. నాటు మొక్క వేరు బలం, మంచి రసం చెట్టు కొమ్మ గుణం, ఈ రెండూ కలిపి ఆయన అంటు కట్టేవారు. "మామిడికి మామిడే అంటుతుందిరా, వేపకు అంటదు" అనేవారు. మావాడు చెప్పిందీ అదే సూత్రం. మా కారు ఇంజను 1.8 లీటర్లది. దాని సిలిండర్ల వ్యాసం 81 మిల్లీమీటర్లు. హోండా వారిదే మరో 1.6 లీటర్ల ఇంజను ఉంది. దాని వ్యాసమూ 81 మిల్లీమీటర్లే. అంచేత దీని మొండెం మీద దాని తల కూర్చుంటుంది.

ఆ తలలో గొప్ప ఏమిటయ్యా అంటే, వీటెక్ అనే ఏర్పాటు. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వాల్వులు కొద్దిగా తెరుచుకుంటాయి. ఇంజను వేగం అందుకోగానే ఆయిలు ఒత్తిడికి చిన్న చిన్న పిన్నులు కదిలి, మీటలన్నిటినీ ఒకటిగా బిగిస్తాయి. అప్పుడు వాల్వులు మరింత ఎత్తున, మరింత సేపు తెరుచుకుంటాయి. 1989లో జపానులో వచ్చిన ఈ ఏర్పాటు, లీటరుకి వంద గుర్రాల బలం ఇచ్చి అందర్నీ నోరు తెరిచేలా చేసింది.

ఇక టర్బో సంగతి. మన కంసాలి కొలిమితిత్తి ఉందే, అదే అనుకోండి. కాకపోతే తిత్తిని నొక్కే మనిషి ఉండడు. బయటికి పోయే పొగే చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగి, ఇంజనులోకి గాలి కూరుతుంది. మామూలు గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. దానికి మరో 7 చేరిస్తే, ఇంజనుకి దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి అందినట్టు.

నేను నాలుగు వేల డాలర్లు మించి ఇవ్వనన్నాను. మా ఆవిడ ఒక్కటే ప్రశ్న వేసింది.

"వేగం సరేనర్రా. ఆగడం మాటేమిటి?"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఆ తల్లి తన చీటీ డబ్బులోంచి నాలుగువందలు తీసి ముందు బ్రేకులు మార్పించింది. ఆ తరవాతే ఇంజను విప్పనిచ్చింది.

జూన్ నుంచి మా గ్యారేజీ గ్యారేజీలా లేదు. తల పాత బళ్ళ యార్డులో దొరికింది. మొండెం విప్పి, రింగులూ బేరింగులూ కొత్తవి వేశాడు. పిస్టన్లను పట్టుకునే రాడ్ల బోల్టులు ఈ ఇంజనుకి బలహీనమైన చోటుట. గట్టి బోల్టులు తెచ్చి, లేతు షాపులో రాడ్లు సరిచేయించాడు. మొండెంలో పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 89 మిల్లీమీటర్లు. తల సొంత ఇంజనులో అయితే 77.4 మాత్రమే. ఆ తల 8,000 చుట్ల దాకా ఉత్సాహపడుతుంది. ఈ మొండెం ఓర్చుకోలేదు. 7,000 చుట్లకే పిస్టను సెకనుకి సగటున 20 మీటర్ల పైచిలుకు పరుగెత్తుతుంది. అంచేత అక్కడితో ఆపాలని గీత గీశాడు.

అంటు అతికేది బెరడూ బెరడూ కలిసే చోట. ఇక్కడా చిక్కు అక్కడే వచ్చింది. వీటెక్‌కి ఆయిలు పంపే దారి మా మొండెంలో లేదు. తల అడుగున ఉన్న ఆ బెజ్జానికి మరచుట్టు కోసి బిరడా బిగించి, మొండెం వెనక ఆయిలు ఒత్తిడి కొలిచే చోటినుంచి విడిగా గొట్టం వేశాడు. ఆ బిరడా జారితే అంతా నేలపాలే. రాత్రి పదకొండింటికి టార్చిలైటు పట్టుకుని నుంచున్నది నేనే.

టెక్సస్ ఆగస్టు ఎండలో టర్బో నొక్కిన గాలి మరీ వేడెక్కుతుంది కనక ఇంటర్‌కూలర్ పెట్టాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేశాడు. పొగను శుద్ధిచేసే డబ్బాను మాత్రం తీయనివ్వలేదు నేను.

సెప్టెంబరులో ఒక ఆదివారం తాళం తిప్పాడు. ఇంజను పలికింది! మా ఆనందం పది నిమిషాలు. వెనక గొట్టంలోంచి నీలంగా పొగ లేచి వీధంతా కమ్ముకుంది. పక్కింటాయన తలుపులు మూసుకున్నాడు. మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కొత్త రింగులు పోయాయి నాన్నా. నీ డబ్బంతా తగలేశాను" అని అక్కడే నేలమీద కూలబడ్డాడు.

వాడు చిన్నతనంలో కూడా నా ముందు అలా ఏడవలేదు. ఏం చెయ్యాలో తోచక బండి కిందికి దూరాను. టర్బోలోకి ఆయిలు ఒత్తిడితో వెళుతుంది గానీ, బయటికి వచ్చేటప్పుడు ఏ ఒత్తిడీ ఉండదని వాడే నాకు చెప్పాడు. ఆ వచ్చే గొట్టం ఎటు పోతోందో చూశాను. దిగవలసింది కాస్తా మధ్యలో వంపు తిరిగి, పైకి లేచి, మళ్ళీ దిగుతోంది. తోటకి బోదెలు తవ్విన చేతులు నావి. నీరు పల్లమెరుగునని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒరే, ఇది ఎత్తెక్కుతోందిరా! వెళ్ళే దారిలేక ఆయిలు టర్బోలోనే నిలిచి, పొగగొట్టంలోకి కారుతోందేమో" అన్నాను.

వాడు దిగ్గున లేచాడు. గొట్టం కురచగా కోసి, తిన్నగా కిందికి దింపాడు. మళ్ళీ తాళం తిప్పితే, మిగిలిన ఆయిలు కాలేదాకా కాసేపు పొగ వచ్చి, పలచబడి, ఆగిపోయింది. రింగులు నిక్షేపంలా ఉన్నాయి.

ఇక్కడ నా గొప్పే చెప్పి ఊరుకుంటే అన్యాయం. చేతిలో ఐదువందలే మిగిలాయి. దాంతో కారుని రోలర్ల మీద తిప్పి, కంప్యూటర్లో పెట్రోలు పాళ్ళూ నిప్పురవ్వ వేళా సరిచేయించాలి. "బండి నడుస్తూనే ఉందిగా, తరవాత చూద్దాం" అన్నాను నేను. మావాడు తల అడ్డంగా ఊపాడు.

"ఐదువందలు మిగుల్చుకుని నాలుగు వేలు పోగొట్టుకుందామా నాన్నా? గాలి పెరిగి పెట్రోలు తగ్గితే మంట అదను తప్పి పేలుతుంది. పిస్టను అంచులు విరిగిపోతాయి."

నాకు సిగ్గేసింది. నాలుగు వేల అంటుకి నీళ్ళు పొయ్యడానికి వెనకాడుతున్నాను! మర్నాడే తీసుకెళ్ళాం. 93 ఆక్టేన్ పెట్రోలుతో చక్రాల దగ్గర 226 గుర్రాలు చూపింది యంత్రం. కొత్తలో కంపెనీవారి లెక్క 142. అదీ ఇంజను దగ్గర.

దీపావళికి మా ఆవిణ్ణి ఎక్కించుకుని గుడికి వెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. దిగాక అడిగింది:

"అంత ఖర్చు పెట్టారు, ఏం మారిందర్రా? ఎప్పటి కారులాగే ఉందే!"

మావాడు మురిసిపోయాడు. అంతకు మించిన మెప్పు ఇంజనుకి లేదుట.

ఏడాది గడిచింది. వాడు దానిలోనే కాలేజీకి వెళ్ళొస్తున్నాడు. ఇంటికొచ్చాక టర్బో వేడి తగ్గేందుకు ఇంజనుని ఒక్క నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపుతాడు. ఆదివారం ఆదివారం ఆయిలు పుల్ల తీసి చూసే పని మాత్రం నాకు వదిలేశాడు. ఆ పుల్ల తుడుస్తూ నేనూ, పక్కన నుంచుని వాడూ అరగంట కబుర్లాడుకుంటాం. ఆయిలు చూడడానికి అరనిమిషం చాలునని ఇద్దరికీ తెలుసు.