అటకమీది భర్మారు

మా తాత పోయిన పదకొండోనాడు అటక దులుపుతుంటే, గోనెపట్టాలో చుట్టిన భర్మారు తుపాకి బయటపడింది. చేలో అడవిపందులను బెదరగొట్టేవాడట. గొట్టమంతా తుప్పు. లైసెన్సన్న మాటే నాయనమ్మ వినలేదు.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. నిఘంటువుకు బదులు చట్టం తెరిచాను. 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధ చట్టం దేశీయుల చేతులు కట్టి, తెల్లవారికి మినహాయింపు లిచ్చింది. 1959 చట్టం ప్రకారం పేలుడు పదార్థంతోగాని, వేరే శక్తితోగాని గుండు వదిలేందుకు చేసిన ఆయుధమేదైనా తుపాకియే. ఇంటికీ సేద్యానికీ మాత్రమే ఉద్దేశించిన వస్తువులు ఆయుధాలు కావు, ఉదాహరణకు లాఠీ! ఊరేగింపుల్లో వీపు చిట్లినవాళ్ళు ఈ వాక్యం చదివితే ఏమంటారో! పందుల తుపాకికి మాత్రం ఆ దయ లేదు.

45వ సెక్షనులో ఆశ కనిపించింది. మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకిగా పనికిరాని పాతదానికి చట్టం వర్తించదు.

"తుప్పు గీకితే పేలుతుందిరా," అన్నాడు చిన్నాయన, గర్వంగానే. ఆ ఒక్కమాటతో మినహాయింపు పోయింది.

"ఎవరినన్నా కాల్చినమా?" అంది నాయనమ్మ. లైసెన్సు లేకుండా ఇంట ఉంచుకోవడమే నేరమని ఆమెకు నచ్చజెప్పలేకపోయాను. నాకే పూర్తిగా నచ్చలేదు.

మర్నాడు ప్లీడరును వెంటబెట్టుకుపోయి ఠాణాలో అప్పగించాము. రసీదు నాయనమ్మ తాత ఫోటో వెనక పెట్టుకుంది.