కొలిమి ఆరనివ్వకండి



మేము ఆలుమగలిద్దరం తమిళ మీడియం వాళ్ళమే. ఇంట్లో తెలుగు మాట, బళ్ళో తమిళ రాత. రైల్వే గుమాస్తా ఉద్యోగం ముగిశాకే మన సంఘం ఆదివారం తరగతిలో కూర్చుని ఒత్తులు దిద్దాము. ఇప్పుడు ఆ పెద్దల తరగతికి వచ్చేది నలుగురమే. "ఈ వయసులో ఎందుకు, ఎత్తేద్దాం" అని పోయిన మీటింగులో మాట వచ్చింది. దానికి జవాబుగా ఒక గాజు పనివాడి సంగతి చెప్తాము.

పేరు మోరిస్ మారినో. 1882లో ఫ్రాన్సులోని త్రువా పట్టణంలో పుట్టాడు. బొమ్మలు వేసేవాడు. 1911లో బార్-సుర్-సెన్ అనే ఊళ్ళో స్నేహితులు వియార్ సోదరుల గాజు ఫ్యాక్టరీ చూసి, ఆ పని మీద మనసు పడ్డాడు. అప్పటికి వయసు 29. మొదట పనివాళ్ళు ఊదిన పాత్రల మీద రంగులు వేశాడు. అది చాలక అక్కడే ఊదడం నేర్చుకున్నాడు.

ఆ పనికి సామాను కొంచెమే, ఓపిక చాలా కావాలి. నాలుగైదు అడుగుల ఇనుప గొట్టం కొసకు కరిగిన గాజు తేనెలా చుట్టుకుంటుంది. తిప్పడం ఆపితే పక్కకు జారిపోతుంది. బల్ల మీద కూర్చుని ఒక చేత్తో గొట్టం దొర్లిస్తూ, రెండో చేత్తో పట్టకారుతో మెడ సన్నం చేయాలి. నీళ్ళలో నానిన చెక్క అచ్చుతో గుండ్రం చేయాలి, అంచు కత్తెరతో కోయాలి. చల్లబడితే మళ్ళీ కొలిమిలో పెట్టాలి. చివర మెల్లగా చల్లార్చాలి, తొందరపడితే పగులుతుంది.

గాజులో బుడగ ఉంటే తప్పంటారు. మారినో మందపాటి గాజు పొరల మధ్య బుడగలను కావాలనే నిలిపాడు. వాటితోనే అందం. పోయిన దీపావళికి మనవరాలికి మా చేత్తో తెలుగులో ఉత్తరం రాశాము. 'భ' రావలసిన చోటల్లా 'బ' పడింది. ఫోన్లో నవ్వింది. కానీ ఆ ఉత్తరం దాచుకుంది.

1937లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఆయన ఆరోగ్యమూ చెడింది. గాజు పని ఆగిపోయింది, మళ్ళీ బొమ్మలకే తిరిగాడు. 1944 బాంబుదాడిలో ఆయన స్టూడియో, అందులోని పనితనం చాలావరకు పోయాయి. 1960లో కన్నుమూశాడు.

ఊపిరి ఆయనదే, కొలిమి మాత్రం స్నేహితులది. అది ఆరిపోయాక చేసేదేముంది? మాకూ అంతే. నేర్చుకోవాలన్న ఆశ మాది, తరగతి మీది. వచ్చే మీటింగులో చేయెత్తే ముందు ఇది ఒకసారి తలుచుకోండి. రాతలో తప్పులుంటే దిద్దండి, తరగతిని మాత్రం ఎత్తేయకండి.