గ్లాసు నీళ్ళలో వరి ఆకు

తెల్లారేసరికి మావయ్య తయారై అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్ళో చేతిసంచి. సంచిలో మూడు ప్లాస్టిక్ కవర్లు, ఒక్కో కవర్లో గుప్పెడు వరి ఆకులు. పిల్లాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాడిలా ఉన్నాడు. ఆ మాటే అంటే, "పిల్లడయితే యెక్కడ నొప్పో యేడిసైనా సెప్తాడు అల్లుడూ. ఇదేటి సెప్తాది?" అన్నాడు.

ఈసారి వానలు ఆలస్యమై ఆగస్టు ఆఖరులో గానీ ఉభాలు, అంటే నాట్లు, కాలేదు. నెల తిరిగిందో లేదో ఆకులు రంగు మారడం మొదలెట్టాయి. మావయ్య మందుల కొట్టుకి వెళ్ళి "తెగులొచ్చింది" అన్నాడు. కొట్టతను మూడు పొట్లాలు చేతిలో పెట్టాడు. బూజుకొకటి, పురుక్కొకటి, మూడోది యాంటీబయోటిక్. మూడూ కలిపి కొట్టేస్తే ఏదో ఒకటి తగలకపోదని లెక్క. రెండు వేల పైన అయింది. ఏదీ తగల్లేదు. కొట్టతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే పోయిన శీతాకాలం జలుబు చేస్తే నేనూ మెడికల్ షాపులో సరిగ్గా ఇదే పని చేశాను.

మేం వెళ్ళింది రాగోలు. శ్రీకాకుళం పట్నానికి పక్కనే ఉంది, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం. ఆర్‌జీఎల్ 2537 అని విత్తనాల సంచి మీద ఉంటుందే, అందులో ఆర్‌జీఎల్ అంటే రాగోలే. రైతుల నోట్లో ఆ రకం పేరు శ్రీకాకుళం సన్నాలు. మావయ్య మాత్రం స్వర్ణ రకం మనిషి.

గదిలో పొడవాటి బల్ల, దాని మీద గాజు పళ్ళేలు, కిటికీ పక్కన మైక్రోస్కోపు. అక్కడి శాస్త్రవేత్త మేడమ్ చిన్న వయసావిడ. మొదటి కవరు విప్పి, ఆకుని వెలుగుకేసి పట్టి చూశారు. అంచులు కొసనుంచి కిందికి అలలు అలలుగా గడ్డి రంగులోకి ఎండిపోయాయి. ఆవిడ మందు పేరు చెప్పలేదు. ఒక గాజు గ్లాసు నిండా నీళ్ళు తెమ్మన్నారు.

ఆకుని అడ్డంగా కోసి, కోసిన మొన నీళ్ళలో మునిగేలా పట్టుకున్నారు. రెండు నిమిషాలు, మూడు, అయిదు. ఏమీ లేదు. మావయ్య నావైపు చూశాడు.

"ఇది పూర్తిగా ఎండిపోయిందండీ" అని ఆవిడ కవర్లో వెతికి ఇంకో ఆకు తీశారు. సగం పచ్చ, సగం పసుపు. ఆ రెండూ కలిసే చోట కోసి ముంచారు. ఈసారి ఎంతోసేపు పట్టలేదు. కోసిన మొననుంచి పల్చటి గంజిలాంటి తీగ ఒకటి నీళ్ళలోకి దిగింది. వెనక నల్ల కాగితం పెట్టేసరికి పొగలా మెలికలు తిరుగుతూ అడుగుకి చేరడం స్పష్టంగా కనిపించింది.

"ఇదేటమ్మా?"

"బ్యాక్టీరియా, బాబాయ్ గారూ. ఆ తీగలో కోట్ల కొద్దీ ఉంటాయి."

మావయ్య గ్లాసుని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. బ్యాక్టీరియా అనే మాట చదవడం తప్ప, మైక్రోస్కోపు లేకుండా కళ్ళతో చూడొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కోటి కనిపించదు నిజమే, ఊరేగింపు కనిపిస్తుంది.

దీని పేరు జాంథోమోనాస్ ఒరైజే, తెచ్చేది బ్యాక్టీరియా ఎండాకు తెగులు. ఆకు అంచుల్లో నీరు చెమర్చే సన్నటి రంధ్రాలుంటాయి. వాటిగుండా, లేదా ఆకు చిరిగినచోట లోపలికి దూరి, నీళ్ళు పారే నాళాల్లో కాపురం పెడుతుంది. అక్కడితో ఆగదు. కొన్ని ప్రొటీన్లను సూదిమందులా వరి కణంలోకి ఎక్కించి, చక్కెర బయటికి వదిలే జన్యువుల్ని తెరిపిస్తుంది. మొక్క తన చక్కెర తానే వడ్డిస్తుంది. పొద్దున్నే ఆకు మీద పాలలాంటి బొట్లు పడి, ఎండకి పసుప్పచ్చ పూసల్లా గడ్డకట్టేది ఈ బ్యాక్టీరియానే. "అవి నాను సూసినాను, మంచు అనుకున్నాను" అన్నాడు మావయ్య.

గాలివానకీ దీనికీ చెడ్డ స్నేహం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటిన సంగతి ఈ జిల్లాలో ఎవరిని కదిపినా చెబుతారు. అలాంటి గాలికి ఆకులు ఒకదానికొకటి ఒరుసుకుని చిరుగుతాయి, వరద నీరు మడినుంచి మడికి పొర్లుతుంది. చిరిగిన ఆకు తెరిచిన తలుపు, పొర్లిన నీరు బండి. పైగా యూరియా ఎక్కువ వేసి ఆకుని మెత్తగా పెంచితే ఇక చెప్పక్కర్లేదు.

మావయ్య కొట్టిన మూడో పొట్లం స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపినది. ఈ రెండు మందులకీ మూలం నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా. తొలకరికి మట్టి వాసన వస్తుందే, ఆ వాసన పుట్టించేవీ ఇవే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో, 1948లో, అది లోకానికి తెలిసింది. స్ట్రెప్టోమైసిన్ క్షయకి మందు. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టేదాన్ని మడి మీద చల్లుతూ పోతే, ఆ మందుకి లొంగని బ్యాక్టీరియాని మనమే పెంచినట్టు. నాళాల లోపల దాక్కున్నదానికి పైపైన కొట్టిన మందు ఏపాటి అందుతుందన్నది వేరే ప్రశ్న. మేడమ్ చెప్పిన చికిత్సలో అసలు పొట్లమే లేదు. యూరియా ఆపండి, మడిలో నీరు తీసేయండి, ఆ నీరు పక్క మడిలోకి మాత్రం పెట్టకండి, వచ్చే ఏడు తట్టుకునే రకం వేయండి. హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి మూడు నిరోధక జన్యువుల్ని తెచ్చి, మెరుగుపరచిన రకాన్ని 2008లో విడుదల చేశాయి. వాటిలో ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరిది.

రెండో కవరు పక్కింటివాళ్ళది. ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు. అగ్గి తెగులు. దీనికి గ్లాసు పనికిరాదు. ఆకుని తడి కాగితం మీద పరిచి మూతపెట్టి ఒక రాత్రి ఉంచాలి. ముందురోజు ఎవరో తెచ్చిన ఆకు పళ్ళెంలో సిద్ధంగా ఉంటే, దాన్ని మైక్రోస్కోపు కింద చూపించారు. బేరిపండు ఆకారపు బీజాలు, ఒక్కోదానికి అడ్డంగా రెండు గోడలు. ఇది ఫంగస్, మన పచ్చడి జాడీ మీద పట్టే బూజుకి చుట్టం. మొక్కలా కనిపిస్తుంది కానీ వంశవృక్షంలో మొక్కలకంటే జంతువులకే దగ్గర. రొయ్య పెంకులో ఉండే కైటిన్ దీని ఒంటి గోడలోనూ ఉంటుంది.

అది ఆకులోకి దూరే పద్ధతి వింటే పహిల్వాన్లు సిగ్గుపడాలి. మంచు తడికి బీజం మొలకెత్తి, కొసన ఒక బుడిపె కడుతుంది. ఆ బుడిపెలో ఒత్తిడి కారు టైరులోని గాలికి దాదాపు 40 రెట్లు పెరుగుతుంది. ఆ బలంతో మేకు దిగ్గొట్టినట్టు ఆకు పైపొరని గుచ్చేస్తుంది. ఒత్తిడి నిలవాలంటే బుడిపె గోడకి నల్లరంగు పొర కావాలి. మన జుట్టుకున్న మెలనిన్ లాంటిదే. రైతులు కొట్టే ట్రైసైక్లజోల్ ఆ రంగు తయారీని ఆపుతుంది. ఫంగస్‌ని చంపడం కంటే, దాని టైరులో గాలి తీయడం అన్నమాట. బుడిపే కట్టని బ్యాక్టీరియా మీద ఇదే మందు కొడితే? మావయ్య మొదటి పొట్లం కథ అదే.

మూడో కవరులో పసుపు రంగు తిరిగిన ఆకులు. ఊళ్ళో అందరూ టుంగ్రో అనేశారట. వైరస్. ఒక ఆవగింజ వైరస్ అనుకుంటే, అదే కొలతలో ఇందాకటి బ్యాక్టీరియా అరటికాయంత, అగ్గి తెగులు బీజం మావయ్య భుజమెత్తు. అసలు వైరస్‌ని ప్రాణి అనాలా వద్దా అన్నదే తేలలేదు. కణం బయట ఉన్నంతసేపూ తినదు, పెరగదు, విడిపోదు. కణంలో పడితే ఆ కణం చేతే తన నకళ్ళు రాయిస్తుంది. టుంగ్రోలో ఇంకో తమాషా ఉంది. అది ఒక వైరస్ కాదు, రెండు. మొక్కని గిడసబార్చి పసుపెక్కించేది ఒకటైతే, పచ్చ దీపపు పురుగు మూతి మీద ఎక్కి ప్రయాణం చేయగలిగేది రెండోది. రెండోది తోడు లేకపోతే మొదటిదానికి పొలిమేర దాటే దారి లేదు. సరుకు ఒకరిది, బండి ఇంకొకరిది. వైరస్‌కి మందు లేదు కాబట్టి బండినే, అంటే పురుగునే ఆపాలి.

టుంగ్రో సోకిన ఆకులో పిండిపదార్థం పేరుకుపోతుంది, అయోడిన్‌లో పెడితే ముదురు నీలం చారలు తేలతాయి. పావుగంట చూశాం. నీలం రాలేదు. ఆవిడ ఆకు మొదలు దగ్గర పాలిపోయిన ఈనె, పక్కనున్న తుప్పు మచ్చలు చూపించి, "ఇది తెగులే కాదండీ, జింకు లోపం" అన్నారు. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు. అంతే. దీనికోసం పురుగుమందు కొట్టినవాళ్ళు ఊళ్ళో ముగ్గురున్నారని మావయ్య వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

మూడు ఆకులూ రంగు మారినవే. ఒకటి బ్యాక్టీరియా, ఒకటి ఫంగస్, ఒకటి ఒట్టి ఆకలి. మనం అన్నిటికీ 'తెగులు' అని ఒకే పేరు పెట్టి, ఆ పేరుకే మందు కొంటున్నాం. నా జలుబు కూడా అంతే. అది వైరస్, నేను మింగింది బ్యాక్టీరియాకి మందు.

తిరుగు బస్సులో మావయ్య, "గలాసు మా ఇంట్లో నేదేటి? ఈ పని నానే సేసుకుందును" అన్నాడు. చేసుకోవచ్చు. మీరూ చేసుకోవచ్చు. కాకపోతే ఆకు పూర్తిగా ఎండినది కాకూడదు, పచ్చా పసుపూ కలిసే చోటు అందులో ఉండాలి. తేల్చుకోలేకపోతే వేళ్ళతో సహా ఒక దుబ్బు పీకి, తడి గోనెలో చుట్టి, మీ ఊరి రైతు సేవా కేంద్రానికి పట్టుకెళ్ళండి. మందు కొట్టాక కాదు, కొట్టకముందు.