రెండు వాచీలు

మా నాన్నగారు కోరుట్లలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వారి కుడిచేతికి సుద్దపొడియు, ఎడమచేతికి హెచ్.ఎం.టి. జనతా వాచియు ఎన్నడును తప్పెడివి కావు. ప్రతిదినము ఉదయము ఆరుగంటలకు ఆ వాచికి కీ ఇచ్చెడివారు. ఆ కిరకిర ధ్వనికే నాకు మెలకువ వచ్చెడిది. 1981లో నేను తెలుగు పండిత శిక్షణకు వెళ్లవలసి వచ్చినపుడు ఫీజునకు కొంత సొమ్ము తక్కువ పడెను. రెండుదినములు గడచిన పిమ్మట ఒక ఉదయము నాకు మెలకువ ఆలస్యముగా వచ్చినది. కీ ఇచ్చు చప్పుడు వినరాలేదు. నాన్నగారు దానిని గురించి మాటలాడలేదు, నేనును అడుగలేదు.

గత సంవత్సరము ఏదో పనిమీద జగిత్యాలనుండి కోరుట్లకు పోయితిని. బజారులో ఒక చిన్న దుకాణపు అద్దాలపెట్టెలో అటువంటి వాచియే కనబడెను. తెల్లని ముఖము, నల్లని అంకెలు, సన్నని ముండ్లు. నా కాళ్లు అక్కడనే నిలిచిపోయినవి. దుకాణదారుడు తొమ్మిదివందల రూపాయలు చెప్పెను. వాచి నడచుట లేదు. "కొంచెము నూనె వేసిన చాలును, సారూ!" అనెను. నేను కీ త్రిప్పి చూచితిని. కొన్ని చుట్లు తిరిగి బిగిసినది. మెల్లగా కదలించితిని, సెకండ్ల ముల్లు నాలుగడుగులు వేసి ఆగిపోయినది.

చేయి జేబులోనికి పోయినది కాని, పాఠశాలకు బల్లలు కొనునపుడు నాలుగు కాళ్లును ఊపి చూడనిదే సంతకము పెట్టనివాడను నేను! దుకాణదారునికి తొమ్మిదివందలు బయానాగా ఇచ్చి, "సిరిసిల్లలో ఒకరికి చూపించి వత్తును. పనికిరాదన్నచో సొమ్ము తిరిగి ఈయవలెను" అంటిని. అతడు మంచివాడు, ఒప్పుకొనెను.

ఈ కాలపు పిల్లలకు ఆ వాచి విలువ తెలియుట కష్టము. హిందూస్థాన్ మెషిన్ టూల్స్ అను ప్రభుత్వ సంస్థ 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో బెంగుళూరులో చేతిగడియారముల కర్మాగారము నెలకొల్పెను. అంతకుముందు మంచి వాచి యనగా విదేశములనుండి రావలసినదే. పిమ్మట పెండ్లికుమారుని చేతికిని, ఉద్యోగ విరమణ చేయు గుమాస్తా చేతికిని హెచ్.ఎం.టి. వాచియే కానుక ఆయెను. దుబాయికి, మస్కట్టుకు పోయిన మన ప్రాంతపు కూలీలు వచ్చునపుడు విదేశపు వాచీలు తెచ్చిరి. తరువాత బ్యాటరీతో నడచు క్వార్ట్జ్ వాచీలు వచ్చినవి. 2016లో హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను.

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరితిని. నేను వెదకివచ్చిన మరమ్మతుదారునికి డెబ్బది ఏండ్లుండును. ఆయన దుకాణమునకు ఇరువైపుల మరమగ్గములు. ఆ చప్పుడులో మనిషి మాటయే వినబడదు, ఇక వాచి మాట యేమి వినబడును? ఆయన నవ్వి, "కరెంటు పోయినపుడు చెవితో చూచెదను, ఉన్నపుడు కంటితో చూచెదను" అనెను. కంటికి అద్దము తగిలించుకొని మొదట ముఖమును పరీక్షించెను.

"ఇది అసలుదే, సారూ! కొంచెము పసుపు వారినది, అది వయసు. ముఖము మిలమిలలాడుచు లోపలి చక్రములు మాసియున్నచో అనుమానింపవలెను. పాతదానికి రంగుపూసి అమ్ముదురు. అక్షరములను చూచిన తెలియును. అంచులు ముద్దగా నుండును."

పిదప వెనుక మూత విప్పి అద్దమును నాకిచ్చెను. ఎంత చక్కని లోకమది! పదునేడు ఎఱ్ఱని రాళ్లు. ఇరుసులు అరిగిపోకుండ ఆ రాళ్లలో తిరుగును. మురికి చాల ఉన్నది, తుప్పు లేదు. "మురికి కడిగిన పోవును. తుప్పు ఇనుమును తినివేయును. నూనె ఎండిన వాచిని బలవంతముగా నడిపించినను ఇరుసులు అరుగును. ఆగిపోయిన వాచియే ఒక్కొక్కప్పుడు మేలు" అనెను. అంతలో పట్టుకారుతో బ్యాలెన్స్ చక్రమును ముట్టి నిట్టూర్చెను. ఆ చక్రము సెకండునకు అయిదుమారులు ఇటునటు ఊగవలెను. దాని ఇరుసు కొన తలవెండ్రుకంత సన్నము. అది విరిగినది. ఎవరి చేతినుండియో క్రింద పడియుండును.

"క్రొత్తది దొరకదా, అన్నా?"

"కంపెనీయే లేదు కదా! చచ్చిన వాచినుండి తీసి బ్రతికిన వాచికి వేయుటయే" అనుచు ఒక రేకుడబ్బా తెరచి మరియొక జనతా వాచిని తీసెను. పాత సామానుల వానివద్ద కొన్నదట. నీరు చేరి కీ వైపు చక్రములు తుప్పుపట్టినవి, స్ప్రింగు తెగినది, ముఖము నల్లబడినది. బ్యాలెన్స్ మాత్రము చెక్కుచెదరలేదు. ఊరకే వెనుకకు త్రిప్పితిని. మూతపై తెలుగు అక్షరములు చెక్కియున్నవి: "పంతులుగారికి – విద్యార్థులు – 1974."

ఏ ఊరి పంతులుగారో! ఎవరెవరు అణాలును పావలాలును కూడబెట్టిరో! "దీనిని ఏమి చేయుదురు?" అని అడిగితిని. "ముక్కముక్కగా నాలుగు వాచీలకు పనికివచ్చును. మూత తుక్కులోనికి పోవును" అనెను. మా నాన్నగారి వాచియు ఇట్టి డబ్బా ఒకదానిలోనే ముగిసియుండును గదా అని తోచెను.

ఆయన లెక్క దాచలేదు. కోరుట్ల వాచికి తొమ్మిదివందలు, దీనికి మూడువందలు, పనికి ఆరువందలు. "పదునెనిమిది వందలకు క్రొత్త క్వార్ట్జ్ వాచి వచ్చును. దానిలోని స్ఫటికము సెకండునకు 32,768 మారులు కంపించును. కాలము తప్పదు, కీ అడుగదు. ఇక రెండింటిని కలిపిన వాచిని సేకరించువారు ఇష్టపడరు. వారికి పుట్టినప్పటి భాగములే ఉండవలెను. అమ్మదలచినచో మీకు నష్టము. పెట్టుకొనదలచినచో వేరుమాట."

లెక్కప్రకారము లేచి రావలసినదే. ఆ సొమ్ముతో మనుమరాలికి నిఘంటువు కొనవచ్చును. అదికూడ మనసునకు వచ్చినది. ఎంతసేపు కూర్చుంటినో తెలియదు. కరెంటు పోయి మగ్గములన్నియు ఒక్కసారి ఆగినవి. ఆ నిశ్శబ్దములో పెద్దాయన, "చేయనా, సారూ? చేసినచో ఏ మూత బిగింపవలెను?" అని అడిగెను.

"అక్షరములున్న మూత" అంటిని.

పదిదినముల తరువాత పోయి తెచ్చుకొంటిని. దినమునకు రెండు నిమిషములు వెనుకబడుచున్నది. మరల వచ్చినచో సరిచేయుదునని ఆయన చెప్పినాడు, నేనే పోలేదు. ఉదయము ఆరుగంటలకు కీ ఇచ్చుచున్నాను. మొదటిదినమే ప్రక్కగదిలోనుండి మా మనుమరాలు నిద్రమత్తులో, "తాతా! ఇంటిలోనికి ఎలుక వచ్చినదా?" అని కేకవేసినది.